సోపతి లేని ప్రయాణం

మొన్న ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్ మీద చేతులు పెట్టుకుని, వాటి మీద తల ఆనించి కూర్చున్నాను. అప్పుడు రజిత మిర్యాలగూడ బస్సు దిగి నేరుగా నా షాపుకు వచ్చింది. సూర్యాపేటలో బస్టాండ్ వెనక సందులో ఉంటుంది నా షాపు. షాపు అంటే ఏమీ లేదు, రెండు కుట్టుమిషన్లు, ఒక నిలువుటద్దం, గోడ నిండా వేలాడే బ్లౌజులు. వచ్చీ రాగానే చెప్పులు విప్పి, ఖాళీగా ఉన్న రెండో మిషన్ ముందు కూర్చుంది. చున్నీతో మెడ తుడుచుకుంటూ, పక్కింటికి పోతున్నట్టు చెప్పింది.

"నేను పోతున్ననే."

"ఏడికి?"

"నువ్వు పొయ్యొచ్చిన ఊరికే. వియత్నాం. టికెట్ గూడ తీసుకున్న."

"ఎవరితోని?"

"ఎవ్వరితోని లేదు. ఒక్కదాన్నే. ఆడ ఏం జెయ్యాల్నో, ఏం జెయ్యొద్దో నువ్వు జర చెప్పు. అందుకే వచ్చిన."

నేను లేచి కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాను. ఇస్తూ ఆమె ముఖం చూశాను. ఇంకొక మాట వస్తుందేమో అని. "నువ్వు గూడ రా" అంటుందేమో అని. ఆమె నీళ్ళు గటగటా తాగి, గ్లాసు మిషన్ మీద పెట్టి, ఇక చెప్పు అన్నట్టు నా వైపు తిరిగి కూర్చుంది. ఆ మాట మాత్రం రాలేదు. దాని కోసమే ఆ మధ్యాహ్నమంతా చెవులు రిక్కించుకుని ఉన్నాను. నేను చెప్పబోయేదంతా ఆ మాట కోసం ఎదురుచూస్తూ చెప్పిందే.

మా దిక్కు సోపతి అని ఒక మాట ఉంది. స్నేహమన్నా సోపతే, దారిలో తోడన్నా సోపతే. "అది నా సోపతి" అంటే నా దోస్తు అని. "నాకు సోపతి రా" అంటే నా వెంట రమ్మని. ఆడపిల్లకు దోస్తు, దారిలో తోడు వేరువేరుగా దొరకరని తెలిసినవాళ్ళే ఆ మాటను పుట్టించి ఉంటారు. నాకూ రజితకూ అయితే అది ఎప్పుడూ ఒకటే అర్థం.

మేమిద్దరం కలిసింది కోదాడలో, రజిత మేనత్త ఇంట్లో. నేను పది పాసై, ఇంటర్లో ఇంగ్లీషు తప్పి, ఇక చదువు ఖతం అనుకుని ఇంట్లో కూర్చుంటే, మా అమ్మ తెలిసినవాళ్ళ ద్వారా అడిగి కుట్టుపని నేర్చుకోవడానికి అక్కడికి పంపింది. రజితను వాళ్ళ నాన్న మిర్యాలగూడ నుంచి తీసుకొచ్చి దింపాడు. ఆయన రైసుమిల్లులో హమాలీ. రజిత బ్యాగు తెరిస్తే చాలు, గది నిండా ఉడికించిన వడ్ల వాసన వచ్చేది. వాళ్ళ వాడలో ఆరేసిన బట్టల మీద మిల్లుల నుంచి ఊక బూడిద నల్లగా రాలుతుందట, ఎంత ఉతికినా ఆ వాసన పోదట. ఆమెకు సిగ్గు. నాకేమో ఆ వాసన మా ఇంట్లో కాగులో నీళ్ళు మరుగుతున్నట్టు కమ్మగా అనిపించేది. ఇప్పటికీ మిర్యాలగూడ వైపు పోతూ బస్సు కిటికీలోంచి ఆ వాసన తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది మిల్లులు కాదు, రజిత బ్యాగు.

సరోజ అత్తమ్మను నేను కూడా అత్తమ్మ అనే పిలిచేదాన్ని. పెనిమిటి పోయాక ముందుగదిలో మిషన్లు పెట్టుకుని బతికిన మనిషి. పుట్టింది మిర్యాలగూడలోనే అయినా ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడకు వచ్చి చాలా ఏళ్ళు అయింది కాబట్టి మాట మారిపోయింది. "ఏడికి" అనేది "ఎక్కడికి" అయింది, "వచ్చినవా" అనేది "వచ్చావా" అయింది. రజిత వెనక నుంచి అత్తమ్మలాగే నడుం మీద చెయ్యి పెట్టుకుని "మా అత్తకు ఆంధ్ర గాలి తగిలింది" అని వెక్కిరించేది. అత్తమ్మ వెనక్కి తిరగకుండానే "ఆ గాలికే నీకు అన్నం ఉడుకుతుంది, ముందు కాజాలు కుట్టవే" అనేది.

ఆ ఇంట్లో తెల్లారితే ముందు పని ఊడవడం. రాత్రి రాలిన దారప్పోగులు, గుడ్డ పేలికలు, గుండీలు, విరిగిన సూది మొనలు. సూది మొనలను అత్తమ్మ అయస్కాంతం ముక్కతో స్వయంగా ఏరేది, మా కాళ్ళలో గుచ్చుకుంటాయని. ఆ తర్వాత అల్లం చాయ్. చాయ్ తాగేంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. అది అత్తమ్మకు రోజు మొత్తంలో సొంతంగా దొరికే కొద్దిసేపు. చాయ్ అవ్వగానే గుండుసూదులు పెదాల మధ్య పట్టుకునేది, ఇక మధ్యాహ్నం దాకా ఆ సూదుల సందుల్లోంచే మాట్లాడేది. కొత్తగా వచ్చిన గిరాకీలకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మేము పక్కన నిలబడి తర్జుమా చేసేవాళ్ళం. ఒకసారి రజిత కావాలనే తప్పు తర్జుమా చేసి, ఒక లావుపాటి ఆమెతో "అత్త మిమ్మల్ని జర సన్నబడి రమ్మంటున్నది" అంది. అత్తమ్మ సూదులన్నీ అరచేతిలో ఉమ్మి తిట్టింది. ఆ గిరాకీ మాత్రం నవ్వి, ఇంకో రెండు బ్లౌజుపీసులు తెచ్చింది. మిషన్ నూనె, సుద్ద, బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద వేడెక్కిన కాటన్ గుడ్డ, వంటింట్లో పచ్చిపులుసుకు కాల్చిన ఎండుమిరపకాయ, ఇవన్నీ కలిసిన వాసన ఒకటి ఉండేది ఆ ముందుగదిలో. నా షాపులో మిషన్ నూనె ఉంది, సుద్ద ఉంది. ఆ వాసన మాత్రం లేదు.

అత్తమ్మకు ఒకటే పట్టు. సోపతి లేకుండా ఎవరూ గడప దాటకూడదు. గుండీలు తేవడానికైనా, దారం రంగు కలపడానికైనా, ఎదురుగా కిరాణంలో సబ్బు కోసమైనా ఇద్దరం పోవాలి. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్ళ పని కూడా ఆగేది. "వాళ్ళ అమ్మలకు నేనేం జవాబు చెప్పాలి" అనేది. అయినా పండగలకు ఊరికి పోయేటప్పుడు బస్టాండ్‌లో ఎవరో ఒకరం ఒంటరి కాక తప్పేది కాదు, నాది సూర్యాపేట బస్సు, ఆమెది మిర్యాలగూడ బస్సు కాబట్టి. అందుకు అత్తమ్మ ఒక మాట నేర్పింది.

"ఎవడన్నా వచ్చి ఒక్కదానివేనా అని అడిగితే, కాదు, మావాళ్ళు వెనక వస్తున్నారు అని చెప్పు. ఎవరూ రాకపోయినా సరే. తెలిసిందా?"

"మల్ల వాడు ఆడనే నిలబడి సూస్తే?" అని అడిగాను.

"చూడనియ్యి. నువ్వు కూడా దారి వంకే చూస్తూ కూర్చో. వస్తున్నవాళ్ళ కోసం చూసేదాన్ని ఎవడూ కదిలించడు."

నిజంగానే అది పనిచేసేది. ఎన్ని బస్టాండ్లలో ఎంతమందికి చెప్పానో. కండక్టర్లకు, ఆటోవాళ్ళకు, ఊరికే పలకరించే ముసలమ్మలకు కూడా. "మావోళ్ళు ఎనకొస్తున్నరు." ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

ఆ ఇంట్లో ఉన్నప్పుడే ఒక టీచరమ్మ ఒక వింత డ్రెస్సు తెచ్చింది. వాళ్ళ చెల్లెలు ఏదో దేశం టూరుకు పోయి తెచ్చిందట. పట్టులాంటి గుడ్డ, కాళ్ళ దాకా పొడుగు, రెండు పక్కలా నడుం దాకా చీలిక, లోపల ప్యాంటు. అచ్చం ఇలాంటిదే ఇంకొకటి కుట్టమని అడిగింది. మేము ముగ్గురం దాన్ని తిరగేసి బల్ల మీద పరిచాం. భుజం దగ్గర కుట్టు లేదు. మెడ దగ్గర మొదలై ఏటవాలుగా చంక దాకా దిగింది కుట్టు. మేము అలాంటి కోత ఎప్పుడూ చూడలేదు. అత్తమ్మ ఆ కుట్టు వెంట వేలు పెట్టి మెల్లగా నడిపించి, "ఎవరు కుట్టారో గానీ, తొందరపడని చెయ్యి" అంది. ఎక్కడిదని అడిగితే, వియత్నాంలో ఏటి ఒడ్డున ఒక చిన్న ఊరుందనీ, ఆ ఊరి నిండా దర్జీలేననీ, పొద్దున కొలతలిస్తే మర్నాటికి బట్టలు చేతికిస్తారనీ చెప్పింది టీచరమ్మ. ఆమె పోయాక రజిత ఆ డ్రెస్సును తన ఒంటికి ఆనించుకుని అద్దం ముందు నిలబడింది.

"ఓ పిల్లా, మనం గాడికి పోదామే."

"ఏ బస్సెక్కాలె?" అన్నాను.

అత్తమ్మ కూడా నవ్వింది. కానీ రజిత నవ్వలేదు. ఆ రోజు నుంచి ఎప్పుడు పని ఎక్కువైనా, ఎవరు తిట్టినా, "ఆ దర్జీల ఊరికి పోయినంక" అని మొదలుపెట్టేది. ఆమె పెళ్ళి రోజు ముత్తయిదువలందరి మధ్య నా చెవిలో అన్న మాట కూడా అదే. "పెండ్లయితే ఏమాయె, పోకుండ ఉంటమా?"

పోయే రోజు వచ్చింది కూడా. ఇద్దరం పాస్‌పోర్టులు తీసుకున్నాం. ఇద్దరం నెట్ సెంటర్లో కూర్చుని వీసా పెట్టుకున్నాం. రజిత భర్త హార్వెస్టర్ నడుపుతాడు, మంచివాడు. "పొయ్యి రాండి, పాపను నేను సూసుకుంట" అన్నాడు. తీరా బయలుదేరే ముందు వానకు తడిసిన మిల్లు వాకిట్లో రజిత వాళ్ళమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. దవాఖాన వరండాలోంచి రజిత ఫోన్ చేసింది.

"నువ్వు పో. నేను ఎనక వస్త."

వెనక ఎట్లా వస్తుంది, విమానమేమన్నా కోదాడ బస్సా? ఇద్దరికీ తెలుసు. అయినా నేను "సరే, రా" అన్నాను. మా అమ్మ పోవద్దని ఏడ్చింది. నేనెందుకు పోయానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఇద్దరిలో ఒక్కరైనా ఆ ఊరు చూడకపోతే, కోదాడలో మేము అన్ని రోజులు మాట్లాడుకున్నదంతా ఉత్తదే అయిపోతుందని అనిపించింది.

తిరిగి వచ్చాక రజిత నన్ను ఒక్కనాడు కూడా అక్కడ ఎట్లా ఉండెనని అడగలేదు. ఫోన్లో అన్నీ మాట్లాడేది, పాప స్కూలు, వాళ్ళమ్మ నడక, కొత్త డిజైన్లు. నేను వియత్నాం అనగానే "ఆగు, పాలు పొంగుతున్నయ్" అనేది. ఎన్ని పాలు పొంగాయో మా ఇద్దరి మధ్య. అలాంటిది ఇప్పుడు తనే వచ్చి, నా ఎదురుగా కూర్చుని, చెప్పమంటోంది.

"సరే గాని," అన్నాను, "అన్నిటికంటె ముందు ఒకటి గుర్తుపెట్టుకో. దిగంగనే కౌంటర్ల ఒక్కదానివేనా అని అడుగుతరు. ఒక్కదాన్నే అని చెప్పు."

"మల్లేం జెప్తరు?"

"నేనేం జెప్పిన్నో ఇను."

చెప్పాను. విమానం దిగి వరుసలో నిలబడ్డాను. గాజు వెనక కుర్ర ఆఫీసరు నా పాస్‌పోర్టు తిప్పుతూ ఇంగ్లీషులో "అలోన్?" అన్నాడు. నాకు ఆలోచించే పని లేకుండానే నోట్లోంచి వచ్చేసింది. "నో సార్, మై ఫ్రెండ్ బ్యాక్ కమింగ్." అతను నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. నా వెనక ఎర్రగడ్డం తెల్లాయన ఒకడు తాటిచెట్టంత ఎత్తున నిలబడి ఉన్నాడు. ఆఫీసరు అతన్ని చూపించి "హిమ్?" అన్నాడు.

రజిత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నువ్వేమన్నవే?"

"నో నో, లేడీ, అన్న. ఇగ లేడీ రాందే ఎట్ల పంపుతడు? నన్ను తీస్కపొయ్యి పక్కన బెంచీ మీద కూసోబెట్టిండు. నా పాస్‌పోర్టు ఆయన దగ్గర్నే ఉంది."

"ఎవరి కోసం కూసున్నవ్?"

"నీ కోసమే."

ఆమె నవ్వు ఆగింది. నేను చెప్పుకుంటూ పోయాను. ఆ బెంచీ మీద నేను చేసిన పని కూడా అత్తమ్మ నేర్పిందే, వస్తున్నవాళ్ళ కోసం చూస్తున్నట్టు దారి వంక చూస్తూ కూర్చున్నాను. మా విమానంలో వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. ఇంకో విమానం వాళ్ళు వచ్చారు, వాళ్ళూ వెళ్ళిపోయారు. చూడగా చూడగా నాకు నిజంగానే రజిత వస్తుందేమో అనిపించింది. ఆ గుంపులోంచి బ్యాగు ఊపుకుంటూ, "ఏందే, గింత జల్ది వచ్చినవ్" అంటూ. అప్పుడు ఒక ఆడ ఆఫీసరు వచ్చి పక్కన కూర్చుంది. ఫోన్‌లో తర్జుమా పెట్టి, నీ భాషలో మాట్లాడు అని సైగ చేసింది. నేను ఆ ఫోన్ దగ్గరికి వంగి, "మా దిక్కు ఆడపిల్లలు ఒక్కదాన్నే అని చెప్పొద్దు మేడం, మా అత్తమ్మ గట్ల నేర్పింది" అన్నాను. అది వాళ్ళ భాషలో ఏమని వచ్చిందో దేవుడికే తెలియాలి. ఆమె చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివింది. తర్వాత ఆమె ఏదో అంటే, ఫోన్ టీవీలో వార్తలు చదివినట్టు తెలుగులో అడిగింది. "మీరు ఒంటరిగా ప్రయాణిస్తున్నారా?"

"అవును, ఒక్కదాన్నే," అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నేను అనడం అదే మొదటిసారి. అనగానే ఏడుపొచ్చింది. ఆమె నా చెయ్యి తట్టి, లేచి పోయి, స్టాంపు వేయించుకుని వచ్చింది.

"ఒక్కదాన్నే అనుడు అంత కష్టమా?" అంది రజిత మెల్లగా.

"ఒకసారి అంటే ఆ తర్వాత కాదు."

కరెంటు వచ్చింది. ఫ్యాన్ తిరిగింది. గోడ మీద బ్లౌజులు అన్నీ ఒక్కసారి కదిలాయి. నేను అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. పెద్ద సూట్‌కేసు వద్దు, మెట్లున్న చోట సోపతి లేకపోతే అది ఎవరూ మోయరు. హోటల్లో దిగగానే వాళ్ళ భాషలో అడ్రసు రాసి ఉన్న కార్డు తీసుకుని జాకెట్టులో పెట్టుకో, ఫోన్ ఆగిపోతే అదే నిన్ను ఇంటికి చేరుస్తుంది. రోడ్డు దాటేటప్పుడు బైకులు చీమల్లా వస్తాయి, ఆగవు. వాటికి దారివ్వాలని ఉరకొద్దు, వెనక్కి తగ్గొద్దు. ఒకే నడకలో మెల్లగా పోతూ ఉంటే నీ చుట్టూ అవే తిరిగి పోతాయి. సగంలో భయపడి ఆగినవాళ్ళకే తగులుతాయి.

"మల్ల ఎవరన్న నీ వయసు అడిగితే కోపం తెచ్చుకోకు," అన్నాను. "వాళ్ళకు మనలెక్కనే. పెద్దయితే అక్క అనాలె, చిన్నయితే చెల్లె అనాలె. వయసు తెల్వకపోతే ఏమని పిలవాల్నో తెల్వక పరేషాన్ అయితరు."

"నిన్నేమన్నరు?"

"చెల్లె అన్నరు. 'ఎమ్' అంటరు. బజార్ల అరటిపండ్లు అమ్మే ఆమె ఎమ్, ఎమ్ అని పిలుస్తుంటె, తెలిసినోళ్ళు పిలిచినట్టే ఉండె."

"తిండి?"

ఈ మాట ఆమెకు చెప్పాలని నేను అప్పటినుంచీ దాచుకుని ఉన్నాను. కోదాడలో రజిత ఎప్పుడూ చెప్పుకోవడానికి ఇష్టపడని సంగతి ఒకటి ఉండేది. వాళ్ళ ఇంట్లో వండేది నూకలన్నం. మిల్లులో మంచి బియ్యం బస్తాలకెక్కి లారీల్లో పోతే, విరిగిన నూకలు హమాలీల ఇళ్ళకు వచ్చేవి. మా ఇంట్లో సన్నబియ్యమని నేను ఒకసారి ఊరికే అంటే, ఆ పూట అన్నం తినలేదు రజిత.

"ఆడ పొద్దుగాల జనం లైను కట్టి తినేది ఏందో తెలుసా? నూకలన్నం."

"పో."

"నీ మీద ఒట్టు. నూకలే కావాలని అడిగి తింటరు. బొగ్గుల మీద కాల్చిన మాంసం ముక్క, పక్కన దోసకాయ, కింద నూకలన్నం. పెద్ద పెద్ద కార్లు దిగి వచ్చి తింటరు."

రజిత చున్నీ కొసను వేలికి చుట్టుకుంది. తర్వాత "మా అమ్మకు చెప్పాలె," అంది. మళ్ళీ తనే, "నాయినకు గూడ తెలిస్తే బాగుండు," అంది. వాళ్ళ నాన్న పోయి చాలా రోజులైంది.

దర్జీల ఊరి గురించి అడిగింది. పసుపు గోడలు, ఏటి మీద దీపాలు, గల్లీ నిండా గుడ్డల తానులు. చెప్పాను. ఒక చిన్న షాపులో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని ఒకే అంగీని కుడుతున్నారు. ఒకామె మెడ, ఇంకొకామె చెయ్యి. కత్తెర ఒక్కటే, చూడకుండానే చేతులు మారుతోంది. నేను కూడా కుట్టేదాన్నేనని సైగ చేస్తే నాకొక స్టూలు వేశారు. నా చేతికి కూడా ఒక గుండీ, సూది ఇచ్చారు. ఆ పూటంతా అక్కడే ఉన్నాను. ఊరు చూడ్డానికి పోయి ఒక్క గదిలో కూర్చున్నాను. ఆ తర్వాత సందు మొగలో కాఫీ కొట్టు దగ్గర పిల్లల కుర్చీలంత చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని, అలవాటుగా రెండు వేళ్ళు చూపించాను. రెండు గ్లాసులు వచ్చాయి. ఒకటి నేను తాగాను. రెండోది నా ఎదురుగా అందులోని ఐసు ముక్కలు కరిగేదాకా ఉంది. ఇది మాత్రం రజితకు చెప్పలేదు.

చెప్పేవన్నీ అయిపోయాయి. ఆ మాట మాత్రం ఇంకా రాలేదు. ఇక నేనే అడిగేశాను.

"నేను గూడ రానా? ఈసారి ఇద్దరం పోదాం. నాకు దారులు తెలుసు."

రజిత మిషన్ చక్రం మీద చెయ్యి వేసి, ఊరికే ముందుకూ వెనక్కీ తిప్పింది.

"వద్దే."

"ఎందుకు?"

"నువ్వొస్తే నేను నీ ఎంబడే తిరుగుత. నువ్వు సూపించిందే సూస్త. మనం ఆడ కూసోని గూడ కోదాడ ముచ్చట్లే చెప్పుకుంటం, అత్త గురించే నవ్వుకుంటం. నాకు గట్లనే ఉండాలని ఉంటది. అందుకే వద్దు." తల ఎత్తి నన్ను చూసింది. "నువ్వు ఆడికి పొయ్యొచ్చినంక నీ నడక మారింది. ఇదివరకు బజార్ల నా చెయ్యి పట్టుకోని నడుస్తుంటివి. మా అమ్మను సూడ వచ్చిన రోజు నా చెయ్యి ఇడిచిపెట్టి ముందల నడిచినవ్. నువ్వు సూస్కోలే. నేను సూసిన. నువ్వు దూరమైతవేమోనని బుగులైంది, కోపం గూడ వచ్చింది. అందుకే ఏం అడగలే. ఇప్పుడు నాకు గూడ గట్ల నడవాలని ఉంది."

చెయ్యి వదిలేశానని నాకు తెలియనే తెలియదు. నేను ఇన్నాళ్ళూ నా పక్కన ఆమె లేదని తలుచుకుంటూ ఉన్నాను. ఆమె వైపు నుంచి చూస్తే, నేనే ఆమె పక్కన లేను.

సూర్యాపేట బస్టాండ్ దాకా తోడు పోయాను. అక్కడ జామకాయలు కొనుక్కున్నాం, ఉప్పు కారం వేయించుకుని. కోదాడలో ఇలా జామకాయ కొరుక్కుంటూ ఇద్దరం తిరిగొచ్చే ఆ కుట్టుగది ఇప్పుడు లేదు. అత్తమ్మ కళ్ళు సరిగ్గా కనబడక మిషన్లు అమ్మేసింది, ముందుగదిని సెల్‌ఫోన్ షాపుకు కిరాయికి ఇచ్చింది. మొన్నామధ్య పోతే లోపలిగదిలో కూర్చుని, నా బ్లౌజు చేతిని వేళ్ళతో తడిమి చూసి, "చంక దగ్గర బిగించావు, వదులు చెయ్యి" అంది. ఎవరన్నా నాతో ఇప్పుడు కుట్టు గురించి అలా మాట్లాడితే బాగుండునని ఉంటుంది. షాపులో అందరూ నన్ను మేడం అంటారు. నేను కుట్టింది బాగుందంటారు.

మిర్యాలగూడ బస్సు వచ్చింది. రజిత ఎక్కబోయి ఆగింది.

"ఇంకేమన్న ఉన్నదా చెప్పేది?"

ఒకటి ఉంది. చెప్పాలా వద్దా అని అప్పటిదాకా ఆగాను.

"పొద్దుగూకేటప్పుడు జర జాగ్రత్త," అన్నాను. "పగలంతా ఏం గాదు, తిరుగుతుంటవ్. దీపాలు పెట్టే యాల్లకు అందరు వాళ్ళ వాళ్ళ ఇండ్లకు పోతుంటరు. అప్పుడు లోపల ఏందో అయితది. ఏడుపు గాదు, గాని ఏందో. ఆ టైంల రూముల కూసోకు. ఫోన్ అసలే పట్టుకోకు. ఇంటికి చేసినవా, ఇంటోళ్ళ గొంతు ఇన్నవా, తెల్లారి రోజంతా గాడ ఉండలేవు. లేచి బయటికి నడువు. పండ్లన్న కొనుక్కో. ఒక్క గడియ ఓర్చుకుంటే అది పోతది, మల్ల ఆ ఊరు నీదైతది."

"నీకు గూడ చెయ్యొద్దా?"

"నాకు అసలే చెయ్యకు."

"చేస్తే ఎత్తుతవా?"

"ఎత్త," అన్నాను. మా మాటలో ఎత్తుతానన్నా, ఎత్తనన్నా వినడానికి దాదాపు అంతే. ఆమె ఏమని విన్నదో తెలియదు. బస్సు కదిలింది.

రజిత వెళ్ళింది. దిగానని, కౌంటర్ దాటానని ఒక మెసేజ్ పెట్టింది, అంతే. నేను చెప్పినట్టే చేస్తోంది. ఇక్కడ రోజూ చీకటి పడే వేళకు, సందులో ఒక్కో షాపుకూ లైటు వెలిగే వేళకు, నేను ఫోన్‌ను మిషన్ మీద, గుడ్డ పక్కన, పైకి కనబడేలా పెట్టుకుంటున్నాను. అక్కడ ఇంకా ముందే చీకటి పడి ఉంటుంది. ఈపాటికి బయటికి నడిచి ఉంటుంది. ఏ సందులోనో పండ్లు ఏరుకుంటూ ఉంటుంది, ఎవరో ఆమెను చెల్లె అనో అక్క అనో పిలుస్తూ ఉంటారు. ఫోన్ మోగలేదు. నిన్న కూడా మోగలేదు. మోగకూడదనే కదా నేను చెప్పింది. మంచిదే, గట్టిపడింది అనుకుంటూ ఒక లంగాకు అంచు వేస్తూ కూర్చున్నాను. మిషన్ చక్కగా నడుస్తోంది, చప్పుడులో తేడా లేదు, గుడ్డ నా చేతుల కిందుగా జరుగుతూనే ఉంది. చివరిదాకా వచ్చి తిప్పి చూస్తే కుట్టు లేదు. కింద బాబిన్‌లో దారం ఎప్పుడో అయిపోయింది. పైదారం ఒక్కటే అంచు పొడవునా ఊరికే ఆనుకుని ఉంది. కొస పట్టుకుని మెల్లగా లాగితే, ఎక్కడా అడ్డుపడకుండా, మొత్తం నా చేతిలోకి వచ్చేసింది.